రంగులు వేసే పిల్లాడి చేతికి పుస్తకం ఇవ్వు

అమ్మడూ,

మూడు, నాలుగు, అయిదు తరగతుల పిల్లల్ని జట్లుగా కూర్చోబెట్టి కథల పుస్తకాలు చదివించే ప్రాజెక్టు మొదలుపెడుతున్నానని చెప్పావు. చాలా సంతోషం తల్లీ. డీఎస్సీ గట్టెక్కి, విజయనగరం జిల్లాలో ఆ చిన్న ఊరి బడిలో చేరిన తొలి ఏడాదే నీకు ఇలాంటి ఆలోచన రావడం ఆ పిల్లల అదృష్టం. ‘ఉద్యోగమంతా చిన్న తరగతులకే చెప్పావు కదా పెద్దమ్మా, నన్నేం జాగ్రత్త పడమంటావు?’ అని అడిగావు. ఫోనులో చెబితే ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తాం. తీరిక దొరికినప్పుడల్లా తీసి చూసుకుంటావని రాస్తున్నాను.

అసలు మాట ముందే చెప్పేస్తాను. జట్టులో పని పంచేటప్పుడు చదవడాన్ని పంచు. బొమ్మలు గీయడం, రంగులు వేయడం, అట్టలు అతికించడం ఎవరికి ఏది ఇచ్చినా ఫరవాలేదు. చదవాల్సిన వాక్యాలు మాత్రం నలుగురి వంతుకూ రావాలి. నాలుగోవాడు చదివే వాక్యాలు మిగతా ముగ్గురికీ అవసరమై తీరాలి. ఈ ఒక్కటి గట్టిగా పట్టుకున్నావంటే తక్కినవి నెమ్మదిగా దారిలో పడతాయి.

ఎందుకింత గట్టిగా చెబుతున్నానో ఏదైనా ఒక జట్టు పక్కన కాసేపు నిలబడితే నీకే తెలుస్తుంది. నలుగురి మధ్య ఒక కథల పుస్తకం, ఒక చార్టు, ఒక స్కెచ్ పెన్నుల పెట్టె పెట్టి ‘కథ చదివి, బొమ్మలతో చార్టు తయారుచేయండి’ అని చెప్పి చూడు. నిమిషం గడవకముందే పుస్తకం చకచకా చదివే పిల్ల చేతికి వెళ్లిపోతుంది. గుండ్రంగా రాసేవాడు పెన్సిల్ అందుకుంటాడు. మూడో పిల్ల స్కేలు పెట్టి అంచులు గీస్తుంది. చదవడం సరిగ్గా రాని నాలుగోవాడు తనంతట తనే రంగుల పెట్టె దగ్గరికి జరుగుతాడు. ఎవరూ వాణ్ని తోసెయ్యరు, వాడూ నొచ్చుకోడు. హాయిగా ఆకులకు ఆకుపచ్చ పులుముతూ కూర్చుంటాడు. గంట గడిచేసరికి చార్టు ముచ్చటగా తయారవుతుంది. కింద నలుగురి పేర్లూ రాసుకుంటారు. ఎంఈఓ గారు వచ్చినప్పుడు చూసి మెచ్చుకుంటారు కూడా. ఆ గంటలో నాలుగోవాడు ఒక్క వాక్యమైనా చదవలేదన్న సంగతి చార్టు మీద ఎక్కడా కనిపించదు. ఏడాది పొడుగునా ఇలాగే సాగితే చదివే పిల్ల ఇంకా బాగా చదువుతుంది, వాడు రంగులు ఇంకా బాగా వేస్తాడు. దగ్గర చేయాల్సిన జట్టుపనే వాళ్లిద్దరి మధ్యా దూరం పెంచుతుంది.

ఊరూరా ఇంటింటికీ వెళ్లి పిల్లల చేత చదివించి చూసే అసర్ సర్వే గురించి నీకు తెలుసు కదా. 2024లో వాళ్లు చూసినప్పుడు దేశంలోని పల్లెల్లో, ప్రభుత్వ బడుల్లో మూడో తరగతి చదివే పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 23.4 శాతం. 2022లో 16.3 శాతమే ఉండేది. కోవిడ్ కాలంలో బడులు మూతపడి జరిగిన నష్టం నుంచి పిల్లలు తేరుకుంటున్నారు, మంచిదే. అయినా ఆ లెక్కను ఒక తరగతి గదిలోకి తెచ్చుకుని చూడు. పదహారు మందిలో ఇంచుమించు నలుగురు. జట్టుకు నలుగురు చొప్పున విడదీస్తే, బాగా చదివేవాళ్లు జట్టుకొక్కరు. పుస్తకం ఎవరి చేతికి పోతుందో వేరే చెప్పాలా? 2021 జులైలో మొదలైన కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం నిపుణ్ భారత్, 2026-27 నాటికి మూడో తరగతి దాటే ప్రతి బిడ్డా అర్థం చేసుకుంటూ చదవాలని లక్ష్యం పెట్టుకుంది. జట్టుకొక్కరు చదివితే ఆ లక్ష్యం ఎప్పటికి అందుతుంది? మధ్యాహ్నం భోజనాల దగ్గర ఒకరి తరఫున ఇంకొకరు తింటే కడుపు నిండదు కదమ్మా, చదువూ అంతే.

మరి ఎలా మొదలుపెట్టాలి? మూడో తరగతిలో ఇంకా అక్షరాల దగ్గరే ఉన్నవాళ్లుంటారు. వాళ్లకు ముందు ఏడు చేపల కథ ఇవ్వు. ఆ కథ వినకుండా పెరిగిన పిల్లలు మన ఇళ్లలో అరుదు. ఎండని చేప గడ్డి మీద నెపం పెడుతుంది, గడ్డి ఆవు మీద, ఆవు కాపరి మీద, కాపరి అవ్వ మీద, అవ్వ ఏడ్చే పిల్లాడి మీద, పిల్లాడు చీమ మీద. ఒక్కొక్కరి మాటనూ ఒక్కో అట్టముక్క మీద పెద్ద పెద్ద అక్షరాలతో రెండేసి వాక్యాలుగా రాయి. ఏడుగురికి ఏడు ముక్కలు. ఒకరు చదివితే తప్ప పక్కవాళ్లు అందుకోవడానికి లేదు. ఎవరి దగ్గర ఆగితే కథ అక్కడే ఆగిపోతుంది. ఆవు ముక్క ఉన్నవాడు తడబడితే గడ్డి, కాపరి ఇద్దరూ వాడి మొహంకేసి చూస్తారు. వాడు చదవందే తమ వంతు రాదు మరి. వెక్కిరించడానికి చూసే చూపు వేరు, ఎదురుచూసే చూపు వేరు. పిల్లలకు ఆ తేడా బాగా తెలుస్తుంది.

ఇందులో ఒక చిక్కుంది. కథ కంఠతా వచ్చు కాబట్టి కొందరు అట్ట వంక చూడకుండానే ఒప్పజెప్పేస్తారు. అందుకని రెండో రోజు ముక్కలు మార్చెయ్యి. ఆవు బదులు మేక, అవ్వ బదులు అత్త, చీమ బదులు తేలు అని రాయి. చూసి చదివేవాడు టక్కున ఆగి ‘టీచర్, ఇక్కడ మేక అనుంది!’ అంటాడు. గమనించకుండా ఆవు అనేసినవాణ్ని రేపటి నుంచి నీ పక్కన కూర్చోబెట్టుకోవాలి. పరీక్ష అన్న మాట ఎత్తకుండానే ఎవరు ఎక్కడున్నారో నీకు తెలిసిపోతుంది.

వాక్యాలు చదవగలిగిన పిల్లలకు కథతో పాటు సమాచారం ఉన్న పాఠం కూడా ఇవ్వు. మీకు మరీ దూరం కాని ఏటికొప్పాక లక్క బొమ్మలు ఎంత మంచి విషయమో చూడు. దాన్ని నాలుగు కాగితాలుగా విడగొట్టు. మొదటిదాంట్లో అంకుడు కర్ర గురించి, తేలిగ్గా మెత్తగా ఉండే ఆ కర్రనే ఎందుకు ఎంచుకుంటారన్నది రాయి. రెండోదాంట్లో కర్రముక్కను లేత్ మిషన్ మీద గిరగిరా తిప్పుతూ, ఉలి ఆనించి గుండ్రటి రూపం తీయడం. మూడోదాంట్లో గింజలు, బెరళ్లు, వేళ్లు, ఆకుల నుంచి రంగులు తీసి లక్కలో కలపడం. నాలుగోదాంట్లో ఆ రంగు లక్కను తిరుగుతున్న బొమ్మకు ఒత్తిపట్టడం, రాపిడి వేడికి లక్క కరిగి కర్రను అంటిపెట్టుకోవడం. ఒక్క కాగితం లేకపోయినా బొమ్మ తయారు కాదు. అలా ఒకదానికొకటి తప్పనిసరయ్యే విషయాలనే ఎంచుకో.

జట్టులో నలుగురికీ తలా ఒక కాగితం. మొదట, అన్ని జట్లలోనూ ఒకే కాగితం వచ్చినవాళ్లు ఒకచోట చేరి కలిసి చదువుకోవాలి. అంటే లక్క కాగితం వాళ్లంతా ఒక మూల, కర్ర కాగితం వాళ్లంతా ఇంకో మూల. తెలియని మాటలు అక్కడే తేల్చుకుంటారు. తిరిగి వెళ్లి ఎలా చెప్పాలో అక్కడే అనుకుంటారు. ఆ తర్వాత ఎవరి జట్టుకు వాళ్లు వెళ్లి, తాము చదివింది మిగతా ముగ్గురికీ చెప్పాలి. సరిగ్గా చదవలేని పిల్లకు ఇందులో పెద్ద మేలుంది. చదివేటప్పుడు పక్కన తోడుంటుంది. జట్టులోకి తిరిగొచ్చేసరికి ఆ కాగితం సంగతి తెలిసింది తనొక్కతే అవుతుంది. తరగతిలో అందరికంటే గడగడా చదివే పిల్ల కూడా దాని మాట చెవిన పెట్టాల్సిందే. చివర్లో ప్రశ్నలు వేసేటప్పుడు ఎవరి కాగితంలోది వాళ్లను అడగకు. కర్ర గురించి చదివినవాణ్ని లక్క గురించి అడుగు. అప్పుడే చెప్పేవాళ్లు జాగ్రత్తగా చెబుతారు, వినేవాళ్లు ఒళ్లు దగ్గర పెట్టుకుని వింటారు.

ఈ పద్ధతికి జిగ్సా అని పేరు. ఇది ఎక్కడ, ఎందుకు పుట్టిందో నువ్వు తెలుసుకోవాలి. 1971లో అమెరికాలో, టెక్సాస్ రాష్ట్రంలోని ఆస్టిన్ నగరంలో, అప్పటిదాకా వేరు వేరుగా చదువుకుంటున్న తెల్లజాతి, నల్లజాతి, మెక్సికన్ కుటుంబాల పిల్లల్ని కొత్తగా ఒకే బడుల్లో కలిపారు. కలిసి కూర్చున్నంత మాత్రాన కలిసిపోలేదు, కొట్లాటలు మొదలయ్యాయి. ఎలియట్ అరాన్‌సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తన విద్యార్థులతో కలిసి ఆ తరగతుల్లో కూర్చుని గమనించాడు. టీచరు ప్రశ్న వేయడం, కొందరు ‘నేను చెబుతా’నంటూ చేతులెత్తడం, మిగతావాళ్లు తల దించుకోవడం, రోజంతా ఇదే తంతు. పక్కవాడు తప్పు చెబితే తప్ప తనకు అవకాశం రాదు. అలాంటి చోట స్నేహం ఎలా పుడుతుంది? అందుకే పాఠాన్ని ముక్కలు చేసి పంచారు. పక్కవాడు బాగా చెబితేనే తనకు పాఠం వస్తుందన్న పరిస్థితి తెచ్చారు. అప్పటినుంచి పిల్లల మధ్య ఎడం తగ్గుతూ వచ్చింది.

మన ఊళ్లకు ఇది ఎంత అవసరమో నీకు విడమరిచి చెప్పక్కర్లేదు. ఏ వీధి పిల్లలు ఆ వీధి పిల్లల పక్కనే కూర్చోవడం, ఎవరి నీళ్ల సీసా ముట్టుకోవచ్చో ఎవరిది ముట్టుకోకూడదో ఇంటి దగ్గరే నేర్చుకుని రావడం ఇంకా చాలాచోట్ల పోలేదు. ‘మీకు నచ్చినవాళ్లతో జట్టు కట్టుకోండి’ అని వదిలేస్తే ఊళ్లో గీతలన్నీ తరగతిలోనూ పడతాయి. కాబట్టి జట్లు నువ్వే కట్టు. వీధులు కలవాలి, ఆడపిల్లలూ మగపిల్లలూ కలవాలి, చదివేవాళ్లూ తడబడేవాళ్లూ కలవాలి. ఎందుకిలా కలిపావో పిల్లలకు ఉపన్యాసం ఇవ్వకు. పని ఇచ్చి ఊరుకో. ఏడు చేపల కథలా వరుసగా చదివేది తప్ప, జట్టుపనికి నలుగురికి మించి వద్దు, అయిదోవాడు ఇట్టే దాక్కుంటాడు. ఒకసారి కట్టిన జట్టును కొన్ని వారాలు కదపకు. మొదట్లో ‘వీడు మా జట్టులో వద్దు టీచర్’ అంటూ వస్తారు. ఓపిక పట్టు. ఆ పేచీ విని జట్టు మార్చావంటే, గట్టిగా అడిగితే మనిషిని తీసేయించవచ్చని నేర్పినట్టవుతుంది.

ఇక తడబడే పిల్లాడి సంగతి. మన లిపి నేర్చుకోవడం చిన్న పని కాదమ్మా. హల్లు వస్తే చాలదు, దాని గుణింతమంతా రావాలి, ఆపైన వత్తులు. చాలా వత్తులు అక్షరం పోలికతోనే ఉంటాయి గానీ త, న, మ, య, ర, ల లాంటివాటి వత్తులు చూస్తే అవి ఆ అక్షరాలవేనని పసివాళ్లకు తోచదు. ‘ప్రయత్నం’ అన్న మాట దగ్గర పిల్లాడు ఆగాడనుకో. పకు ర వత్తు, తకు న వత్తు, రెండు గండాలూ ఒకే మాటలో దాటాలి వాడు. వేలు ఆ మాట కింద నిలబడిపోతుంది. పెదవులు ‘ప’ అని కదులుతాయి. కళ్లు వెనక్కి వెళ్లి మళ్లీ ముందుకొస్తాయి. వాడు చదవడం నేర్చుకుంటున్నది సరిగ్గా ఆ నాలుగైదు క్షణాల్లోనే. అప్పుడే పక్కనున్న చురుకైన పిల్ల ‘ప్రయత్నం!’ అని అందించేస్తుంది. వాడు అమ్మయ్య అనుకుని ఆ మాట అనేసి ముందుకు పోతాడు. రేపు అదే మాట ఎదురైతే మళ్లీ అక్కడే ఆగుతాడు. అందుకే మొదటి రోజే నియమం పెట్టు: చదివేవాళ్లు అడిగేదాకా ఎవరూ అందించకూడదు. అడిగితే మాటంతా చెప్పకుండా మొదటి అక్షరం మాత్రం చెప్పాలి. చిన్నపిల్లలు ఈ నియమాన్ని ఆటలో నియమంలా ఎంతో నిష్ఠగా పాటిస్తారు.

ఇంకో మాట. ‘ఏమిటి’ అని అచ్చులో ఉంటే మీ పిల్లలు ‘ఏటి’ అని చదువుతారు. ‘వచ్చాడు’ అన్నచోట ‘వచ్చినాడు’ అంటారు. అక్కడ ఆపి దిద్దకు. అచ్చులో ఉన్నదాన్ని పట్టుకుని, అర్థం చెడకుండా తన ఇంటి మాటలో పలికాడంటే వాడు అర్థం చేసుకుంటూ చదువుతున్నట్టే. ఆ మాటకు జట్టు నవ్విందంటే మాత్రం ఊరుకోకు. ఇంట్లో అమ్మ మాట్లాడే మాట బడిలో నవ్వులపాలైతే పిల్లాడు మళ్లీ నోరు విప్పడు. పుస్తకంలో ఆ మాట ఎలా ఉందో తర్వాత నెమ్మదిగా చూపించుకోవచ్చు, దానికేం తొందర లేదు.

బాగా చదివే పిల్లను కూడా మరిచిపోకు. చాలా తరగతుల్లో ఆ పిల్ల టీచరుకు సహాయకురాలైపోతుంది. రోజూ ఇంకొకరికి నేర్పడమే దాని పని. నేర్పడం వల్ల దానికీ లాభమే, ఒకరికి చెప్పాలంటే విషయం మరింత బాగా అర్థం కావాలి. అయినా దానికీ వయసు ఎనిమిదేళ్లే కదా. దాని స్థాయికి తగిన, కాస్త కష్టమైన పుస్తకం దానికీ కావాలి. వారంలో కొన్ని రోజులు జట్టుపని, కొన్ని రోజులు ఎవరికి నచ్చిన పుస్తకం వాళ్లు తీసుకుని మౌనంగా చదువుకోవడం పెట్టు. ‘మా అమ్మాయిని మిగతావాళ్ల కోసం వెనక్కి లాగుతున్నారు’ అని తల్లిదండ్రులు వస్తే అప్పుడు నీ దగ్గర సూటి సమాధానం ఉంటుంది.

కథ అయినా పాఠం అయినా, జట్టు కలిసి చదివేటప్పుడు నాలుగు పనులు పెట్టు. ఒకరు ముందేం జరుగుతుందో ఊహించాలి, ఒకరు ప్రశ్న వేయాలి, ఒకరు అర్థంకాని మాటలు పట్టుకుని తేల్చాలి, ఒకరు ఇప్పటిదాకా చదివింది క్లుప్తంగా చెప్పాలి. పాలిన్సార్, ఆన్ బ్రౌన్ అనే ఇద్దరు పరిశోధకులు 1984లో ఈ నాలుగింటినీ కలిపి ఒక పద్ధతిగా ప్రచురించారు. గడగడా చదువుతారు గానీ చదివింది చెప్పలేరు అన్న పిల్లలకు ఇది బాగా పనికొస్తుంది. అలాంటివాళ్లు మన బడుల్లో కోకొల్లలు. పనులు మాత్రం రోజూ మారాలి. నిన్న ప్రశ్న వేసినవాడు ఇవాళ సారం చెప్పాలి. ‘నువ్వు ప్రశ్నలు బాగా వేస్తావు’ అని ఒకడికి ఒకే పని అంటగట్టావంటే, కొన్నాళ్లకు మిగతా మూడూ తనవి కావనుకుంటాడు.

మూడు తరగతులు ఒక్కదానివే చూస్తున్నావు కాబట్టి అన్ని జట్ల దగ్గరా ఒకేసారి ఉండలేవు. దానికి మన రాష్ట్రంలోనే దారి చూపినవాళ్లున్నారు. మదనపల్లె దగ్గరి రిషివ్యాలీలో పద్మనాభరావు, రమ దంపతులు చుట్టుపక్కల పల్లెల్లోని ఏకోపాధ్యాయ బడుల కోసం పాఠాలన్నిటినీ చిన్న చిన్న కార్డులుగా, ఒక నిచ్చెన మెట్లలా అమర్చారు. టీచరు పూర్తిగా పక్కనుండాల్సినవాళ్లు, కాస్త సాయం చాలినవాళ్లు, తోటివాళ్లతో నేర్చుకునేవాళ్లు, ఒంటరిగా చేసుకోగలిగినవాళ్లు, ఇలా పిల్లలు వేరు వేరు చోట్ల కూర్చుంటారు. ఎక్కడ కూర్చోవాలో ఆ రోజు చేతిలో ఉన్న కార్డే చెబుతుంది. కర్ణాటక బడుల్లో నలి-కలి అనే పద్ధతి, చెన్నై కార్పొరేషన్ బడుల్లో వచ్చిన కార్డుల పద్ధతి, రెండింటికీ ప్రేరణ ఇక్కడిదే. నువ్వు అంత ఏర్పాటు చేయనక్కర్లేదు. ‘ఇవాళ నేను ఏ జట్టు దగ్గర కూర్చుంటాను’ అన్నది పొద్దున్నే తేల్చుకుంటే చాలు. అన్ని జట్ల చుట్టూ తిరుగుతుంటే ఎవరు చదివేదీ నీకు పూర్తిగా వినపడదు.

పుస్తకాల మాటకొస్తే, మీ బడి బీరువా తాళం ముందు తీయించు. చిరుగుతాయన్న భయంతో దాచిన పుస్తకాలు చెదలకు అప్పజెప్పినట్టే. తాడు కట్టి పిల్లల చేతికందే ఎత్తున వేలాడదీయి. ఇంకా కావాలంటే నేషనల్ బుక్ ట్రస్టు, ‘మంచి పుస్తకం’ అనే ప్రచురణ సంస్థ వాళ్ల తెలుగు పుస్తకాలు తక్కువ ధరకే దొరుకుతాయి. ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్‌లో తెలుగు కథలు స్థాయిల వారీగా ఉచితంగా ఉన్నాయి, అచ్చు తీసుకోవచ్చు కూడా. ప్రతి పిల్లకూ ఒక కిటుకు నేర్పు. పుస్తకంలో ఒక పేజీ తెరిచి, తెలియని మాట వచ్చినప్పుడల్లా ఒక వేలు ముడవాలి. ఒక్క పేజీలోనే అయిదు వేళ్లూ ముడుచుకుంటే ఆ పుస్తకం ఇప్పటికి పక్కన పెట్టాలి. పుస్తకం ఎంచుకోవడం కూడా చదువులో భాగమే. ఇంకొకటి, గిజుభాయి బధేకా 1932లో గుజరాతీలో రాసిన ‘దివాస్వప్న’ నువ్వు తప్పక చదవాలి, తెలుగులో ‘పగటి కల’గా వచ్చింది. అందులో నాలుగో తరగతికి వచ్చిన కొత్త టీచరు పాఠాలు పక్కనపెట్టి ముందు కథలు చెబుతాడు. పిల్లలకు కథల మీద ఆకలి పుట్టించాకే తరగతిలో పుస్తకాలు పోగేస్తాడు. నువ్వూ రోజుకొక కథ చదివి వినిపించు. టీచరు ఇష్టంగా చదవడం కళ్లారా చూడని పిల్లలకు చదవమని ఎన్నిసార్లు చెప్పినా తలకెక్కదు.

ఇవన్నీ గాడిలో పడ్డాక, పిల్లల చేతే ఒక పుస్తకం చేయించు. ఒక్కొక్కరూ ఇంట్లో అమ్మమ్మనో తాతయ్యనో అడిగి ఒక కథ తెచ్చుకుంటారు. జట్టులో చెబుతారు, రాస్తారు, ఒకరిది ఇంకొకరు చదివి దిద్దుతారు. చివరికి అన్నీ కలిపి కుట్టి అట్ట వేయండి. మీ పక్క జిల్లా శ్రీకాకుళంలో కథానిలయం ఎలా పుట్టిందో పిల్లలకు చెప్పు. కాళీపట్నం రామారావు గారు విశాఖపట్నంలో ఒక హైస్కూలులో లెక్కల మాస్టారుగా పనిచేశారు. తెలుగు కథలన్నీ ఒక్కచోట ఉండాలని 1997లో ఆ గ్రంథాలయం తెరిచారు. ఎందరెందరో తమ దగ్గరి పత్రికలూ పుస్తకాలూ తెచ్చి ఇస్తే అది నిండింది. తామూ ఊరి కథలు పోగేస్తున్నామని తెలిస్తే పిల్లలకు ఎంత ఉత్సాహమో! అక్షరం ముక్క రాని అవ్వ చెప్పిన కథ మనవరాలి చేతిరాతలో పుస్తకమైతే, ఆ ఇంట్లో చదువుకు ఎనలేని గౌరవం వస్తుంది. ఆ కథ చదవడానికి, నీ తరగతిలో అందరికంటే నెమ్మదిగా చదివే పిల్లాడు కూడా తహతహలాడతాడు.

జట్లుగా కూర్చుంటే గది సద్దుమణిగి ఉండదు. పక్క గదిలోంచి మందలింపు రావచ్చు. దానికి భయపడి మళ్లీ వరుసల్లోకి మార్చకు. హెడ్మాస్టరు గారికి ముందే చెప్పుకో, ఒకసారి వచ్చి ఒక జట్టు దగ్గర కూర్చోమని అడుగు. పిల్లలకు జట్టులో వాళ్లకు మాత్రమే వినపడే గొంతుతో మాట్లాడటం సాధన చేయించు, రెండు మూడు వారాల్లో పట్టుబడుతుంది. తల్లిదండ్రుల సమావేశం జరిగినప్పుడు చార్టుల ప్రదర్శన తగ్గించి ప్రతి పిల్ల చేతా వాళ్ల అమ్మానాన్నల ఎదుట నాలుగు వాక్యాలు చదివించు. చదువు రాని తల్లులు ‘మేమేం నేర్పగలం’ అంటారు. ‘నేర్పనక్కర్లేదమ్మా, రాత్రి అన్నం వండుతూ పాప చదివేది వినండి, తర్వాత ఏమైందని అడగండి’ అని చెప్పు. అది ఏ తల్లి అయినా చేయగలదు.

జట్లకు ఫస్టు, సెకండు ఇవ్వకు తల్లీ. బహుమతి ఆశ పెట్టావంటే మెరుగ్గా చదివే పిల్ల చేతికే పుస్తకం మళ్లీ పోతుంది, గెలవాలి కదా మరి. అంతకంటే, వారానికోసారి ప్రతి బిడ్డనూ విడిగా పిలిచి, ఒక నిమిషం నీకు చదివి వినిపించమను. ఒక నోటు పుస్తకంలో పిల్లకో పేజీ పెట్టుకుని ఎక్కడ ఆగారు, దేనికి నవ్వారు, ఏం అడిగారు అన్నది ఒక్క ముక్కలో రాసుకో. ఎవరితోనూ పోల్చకు, పోయిన నెలలో ఆ పిల్ల ఎక్కడుందో దానితోనే పోల్చు. జట్టు బాగా పనిచేస్తోందా లేదా అన్నది ఆ పేజీల్లో తెలుస్తుంది.

ఈ ఆదివారం ఒక్క పని చెయ్యి. హాజరు పట్టీ ముందు పెట్టుకుని ఒక్కొక్క పేరు దగ్గరా ఆగి, పోయిన వారం ఆ బిడ్డ గొంతు విప్పి ఏం చదివిందో గుర్తు చేసుకో. కొన్ని పేర్ల దగ్గర నీకు ఏమీ గుర్తుకు రాదు. అలాంటి పేర్లు ప్రతి టీచరు పట్టీలోనూ ఉంటాయి, దిగులుపడకు. సోమవారం పంచే కాగితాల్లో, కథ మలుపు తిరిగే వాక్యాలను వాళ్ల వంతుకు వచ్చేలా రాయి. అక్కడి నుంచి మొదలుపెట్టు.

ఆరోగ్యం చూసుకో. గొంతు జీరబోయేదాకా అరవకు, గోరువెచ్చటి నీళ్లు తాగుతుండు. పిల్లలందరికీ నా ఆశీస్సులు చెప్పు.

మీ పెద్దమ్మ